బొట్టు పెట్టిన బోర్డులు

చనిపోయిన మనిషి చేతిలో ఫోను ఉంది. ఫోను అంచున మూడు చిన్న స్విచ్చులున్నాయి. మైకు స్విచ్చు ఆఫ్‌లోనే ఉంది.

అయినా చివరి గంటలో అతను మాట్లాడిన ప్రతి మాటా శత్రువులు విన్నారు. ఏ గదిలో దాక్కున్నాడో, ఎవరి కోసం ఎదురు చూస్తున్నాడో, తలుపు ఎన్నిసార్లు తడితే తీస్తాడో, అన్నీ విన్నారు. సరిగ్గా అన్నిసార్లే తట్టారు. అతను తలుపు తీశాడు.

“పదకొండేళ్ళు సరిహద్దు అవతల పనిచేశాడు. పేరు అడక్కు,” అంటూ సరోజినీదేవి ఫొటోని అంకారావు ముందుకు తోసింది.

విజయవాడలో ఒక బీమా ఆఫీసు వెనక గది అది. బయట బోర్డు మీద ఆవిడ బ్రాంచి మేనేజరు. ఆవిడ కట్టించుకున్న పాలసీలు మాత్రం ఎవరి పేరునా ఉండవు.

“ఇవి లినక్స్ ఫోన్లు మేడం. ఆ స్విచ్చు నొక్కితే మైకు వైరే తెగిపోవాలి. ఎట్లా విన్నారు?” అన్నాడు అంకారావు.

“అందుకేగా మనం వీటిని నమ్మింది! ఓపెన్ సోర్స్, డిజైను మొత్తం నెట్‌లో ఉంది, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా తప్పు పట్టొచ్చు అన్నారు. అందరూ చూడొచ్చు కదా, ఎవరో ఒకరు చూసే ఉంటారని అందరూ అనుకున్నారు. ఎవరూ చూడలేదు.”

ఆవిడ రెండు ఫోన్లు బల్ల మీద పెట్టి, రెండింటి వెనక మూతలూ తీసింది.

“ఇది మన దగ్గర మిగిలిన ఫోను. అది చచ్చినవాడిది. తేడా చెప్పు.”

లోపల అరచేతిలో సగం కూడా లేని కంప్యూటర్ బోర్డులు. కవల పిల్లల్లా ఉన్నాయి. కానీ మొదటి బోర్డు మూల, తీగలేమీ లేని చిన్న ఖాళీ జాగాలో, పసుపు చుక్క, దాని మీద కుంకుమ చుక్క. రెండోదాని మూల బోడిగా ఉంది.

“బొట్టు!”

“తిరువూరులో ఇవి తయారుచేసే సతీష్‌కుమార్ వాళ్ళమ్మ పెడుతుంది. ప్రతి బోర్డుకీ బొట్టు పెట్టందే మూత బిగించనివ్వదట. కొడుకు మొదట్లో గోలపెట్టి, చివరికి ఆవిడ కోసం ఆ మూల ఖాళీ వదిలి డిజైను మార్చుకున్నాడు. గబ్బిలాలు డిజైను చూసి అచ్చు దించారు. ఆ ఫైల్లో బొట్టు లేదుగా!”

సరిహద్దు అవతలి ముఠాకి ఆఫీసు పెట్టిన పేరు గబ్బిలాలు. కళ్ళకంటే చెవులే వాళ్ళకు ముఖ్యం.

“ఇంకా ఐదుగురు మిగిలారు అంకారావూ. పాత ఫోన్లన్నీ నాశనం చేయించాను. ఇప్పుడు వాళ్ళు చెవిటి మూగ. సతీష్ కొత్త బ్యాచి పన్నెండు తయారుచేశాడు. మన టెస్టరు స్నిగ్ధ మూణ్ణెల్లుగా ఆ ఇంటి మేడ మీదే అద్దెకుంటోంది, ఈ బొట్టు తేడా బయటపడ్డ రోజే ఆమెకూ చెప్పాను. నువ్వు వెళ్ళి పన్నెండూ విప్పించు. బొట్టున్న ఐదు ఏరి పంపించు. ఎ.కొండూరు అడ్డరోడ్డు దగ్గర మన మనిషి జోజిబాబు అందుకుంటాడు. అందుకోగానే కీ కార్డులు పెట్టి సరిచూస్తాడు. ఆ కార్డుల్లో ఐదుగురి చిరునామాలూ ఉంటాయి. అర్థమైందా?”

అర్థమైంది. దొంగ ఫోన్లో కార్డు పెట్టిన క్షణాన ఐదు తలుపులు తట్టబడతాయి.

“ఇంకోటి. సతీష్ తండ్రి సీతారామాంజనేయులు తొమ్మిది రోజుల కింద కరెంటు షాకు కొట్టి పోయాడు. వాళ్ళకి మనవాడి హత్య సంగతేమీ తెలియదు. తెలియనివ్వకు.”

మామిడి తోటలు గుత్తకు తీసుకునే వ్యాపారి వేషంలో, సొనమరకల చొక్కాతో, మెడలో తువ్వాలుతో అంకారావు తిరువూరులో బస్సు దిగాడు. ఆ వేషానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. అతను పుట్టింది రెడ్డిగూడెం మామిడితోటల్లోనే. పద్దెనిమిదేళ్ళుగా మాత్రం ఊళ్ళూ పేర్లూ మారుస్తూ బతుకుతున్నాడు. కన్నతల్లి పోయినప్పుడు వేరే దేశంలో వేరే మతంవాడి పేరుతో ఉన్నాడు. తల గొరిగించుకోలేదు. ఆ రోజు మార్కెట్లో బేరం ఆడుతూ నవ్వాడు కూడా.

మెయిన్ రోడ్డు మీద విత్తనాలు, పురుగుమందుల కొట్టు. అందులో సగం కొట్టు ఇప్పుడు సతీష్‌ది. ఒకవైపు పత్తి గింజల సంచులు, మరోవైపు గాజు బీరువాలో చిట్టి కంప్యూటర్లు. కాలేజీ పిల్లలు రోబోల కోసం కొంటారు, రైతులు ఇంట్లో కూర్చుని బోరు మోటారు వేసుకోవటానికి కొంటారు. షట్టరు సగం దించి ఉంది. లోపల నుంచి పురుగుమందు వాసన, టంకం వాసన కలిసి వస్తున్నాయి.

“కాపు బేరానికి వచ్చారా?” అంది మేడమెట్ల మీద నుంచి ఒక గొంతు.

“బంగినపల్లి ఏ రేటు?” అన్నాడు అంకారావు.

“రసాలకే దిక్కులేదు, బంగినపల్లి ఎక్కడ?”

కోడ్ సరిపోయింది. స్నిగ్ధ నల్లకళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని నవ్వింది. కత్తిరించిన జుట్టు, లేత నీలం చీర, చేతికి మగవాళ్ళ గడియారం. వాకిట్లో ఉన్న బుల్లెట్ బండి ఆమెదే. ఊళ్ళో బుల్లెట్టు మేడం అంటారట.

మేడ మీద బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో ఫోనూ విప్పారు. మొదటి ఐదింటికీ బొట్టుంది. ఆరోదాని మూత తీశాడు. బోడి మూల. ఏడోదీ అంతే. పన్నెండోదాని దాకా అంతే.

ఆరోది విప్పినప్పుడు స్నిగ్ధ మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ వెంటనే తేరుకుని, “అమ్మో! ఏడు దొంగవి దూర్చేశారా! నా కళ్ళ ముందే!” అంది.

అంకారావు దాన్ని సిగ్గు అనుకున్నాడు.

బొట్టున్నవి ఐదు. కావలసినవీ ఐదే. ఎసట్లో పోసిన బియ్యం గిన్నెకి సరిపోయినట్టు లెక్క అంత చక్కగా సరిపోయినప్పుడు తెలివైనవాడికి అనుమానం రావాలి. కానీ ఎండ మండిపోతోంది, బస్సు టైమవుతోంది.

“సతీష్‌ని ఒక మాట అడుగుదామా?”

“పాపం, రేపు పదో రోజు. వాళ్ళనేం కదిలిస్తారు? పైగా మేడం చెప్పొద్దన్నారుగా.”

అదీ నిజమే. స్నిగ్ధ ఐదు ఫోన్లూ గుడ్డసంచిలో వేసి, పైన రెండు దోసకాయలు పెట్టి, బండి తీస్తే నలుగురి కళ్ళూ పడతాయని విజయవాడ బస్సెక్కింది. అప్పటికి టైము మూడు గంటల పది నిమిషాలు.

అంకారావు కిందకి దిగాడు. చావింటికి వచ్చి పలకరించకుండా పోతే వ్యాపారి వేషం నప్పదు. కొట్టు వెనకింటి వసారాలో సతీష్ పెరిగిన గడ్డంతో చాప మీద కూర్చున్నాడు. గోడవారన అతని తల్లి, అరవై ఎనిమిదేళ్ళ గోవిందమ్మ.

“పెద్దాయన దగ్గర విత్తనాలు కొనేవాణ్ణమ్మా. చాలా మంచి మనిషి,” అన్నాడు.

“మంచివాడే బాబూ. అన్నం తినటానికి రమ్మంటే, షట్టరు వేసొస్తానే అని వెళ్ళాడు. విస్తరేసి కూర్చున్నా. పప్పు చల్లారిపోయింది. ఆయనా చల్లారిపోయాడు.” ఆవిడ కంట్లో నీళ్ళు లేవు, అయిపోయినట్టున్నాయి. “నలభై ఏళ్ళు ఆ కొట్లో ఒక బల్బు కూడా మార్చలేదు. కరెంటంటే అంత భయం. అట్టాంటి మనిషి వైరెందుకు పట్టుకున్నాడో!”

అంకారావు కాసేపు కూర్చున్నాడు. తర్వాత అలవాటుగా రెండు చేతులూ జోడించి లేచాడు.

“వెళ్ళొస్తానమ్మా.”

గోవిందమ్మ చివ్వున తలెత్తింది.

“అదేం మాటయ్యా! మైల ఇంట్లోంచి వెళ్ళొస్తానంటారా ఎవరైనా? మళ్ళీ ఇట్టాంటి దానికే రావాలా? మీ అమ్మ చెప్పలేదూ?”

“తప్పయిపోయిందమ్మా,” అంటూ అంకారావు గడప దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు.

మైల.

తొమ్మిది రోజులుగా ఈ ఇంట్లో దీపం లేదు, పూజ లేదు. మరి...

“అమ్మా, సతీష్ కొత్తగా చేసిన ఫోన్లకి బొట్టు ఎవరు పెట్టారు?”

“బొట్టేంటి బాబూ?” ఆవిడ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. “పెద్దకర్మ కాకుండా బొట్లా? రేపటితో నా బొట్టే పోతుంటే ఫోన్లకి పెడతానా?”

సతీష్ కలగజేసుకున్నాడు. “ఆ పన్నెండూ నాన్న పోయాకే బిగించానండీ. అర్జంటన్నారు కదా అని. అమ్మ భరిణె ముట్టుకోలేదు. ఒక్కదానికి కూడా బొట్టు లేదు.”

అంకారావు లెక్క తిరగబడింది. బొట్టు లేని ఏడూ సతీష్ చేసినవి. బొట్టున్న ఐదూ గబ్బిలాలవి. తన చేత్తో తనే ఏరి, సంచిలో వేయించి, బస్సెక్కించాడు. ఆరో మూత తీసినప్పుడు ఆమె తెల్లబోయింది సిగ్గుతో కాదు. అసలువాటికి బొట్టు లేకపోవటం ఆమె ఊహించలేదు.

జోజిబాబుకి ఫోన్ చేద్దామంటే అతని దగ్గర ఫోనే లేదు. పాతది నాశనం చేశారు. కొత్తవి ఆ సంచిలోనే ఉన్నాయి.

“ఆ బుల్లెట్ కీ ఎక్కడ పెడుతుంది?”

“మెట్ల పక్క మేకుకి,” అన్నాడు సతీష్.

రోడ్డు మీద ఎండుమిరప లారీలు, ట్రాక్టర్లు, గొర్రెల మంద. అంకారావు హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. వేడిగాలి మొహాన్ని కొలిమిలా కాలుస్తోంది. ఐదుగురిలో ఒకతను టీచరని విన్నాడు. ఒకామె మంత్రసాని. మిగతా ముగ్గురూ ఎవరో తెలియదు. తెలియకపోవటమే ఇన్నాళ్ళూ వాళ్ళకు రక్ష.

ఎ.కొండూరు అడ్డరోడ్డు. బస్సు అప్పుడే కదిలి వెళ్ళిపోతోంది. తాటిముంజల గంప ముందు జోజిబాబు గళ్ళలుంగీతో గొంతుక్కూర్చున్నాడు. పక్కన స్నిగ్ధ ముంజ తింటూ నిలబడింది. తువ్వాలు కింద జోజిబాబు ఎడమచేతిలో ఫోను వెలుగుతోంది. కుడిచేతి వేళ్ళ మధ్య గోరంత కార్డు. కార్డు ఫోను సందు దగ్గరికి వచ్చింది.

అరిస్తే ఫోను వింటుంది. అంకారావు అరవలేదు. బండిని తిన్నగా గంప మీదకి తోలాడు.

ముంజలు, ఆకులు, మనిషి తలోదిక్కూ ఎగిరిపడ్డారు. ఫోను రోడ్డు మీద పగిలింది. కార్డు జోజిబాబు పిడికిట్లోనే ఉండిపోయింది. పాత సర్వీసు మనిషి, పడినా పిడికిలి విప్పలేదు.

స్నిగ్ధ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళి పిస్తోలుతో బయటికి వచ్చింది. జోజిబాబు రెండో చేతికి గంప పక్కనున్న ముంజల కత్తి అందింది. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకటే వేటు. పిస్తోలు ముంజల మధ్య పడింది. లేత నీలం చీర కుచ్చిళ్ళు ఎర్రబడ్డాయి.

మిగిలిన నాలుగు ఫోన్లనూ అంకారావు పక్క టీకొట్టు కుడితితొట్టిలో ముంచేశాడు. తర్వాత తువ్వాలుతో ఆమె మణికట్టు బిగించి కట్టాడు. ఆమె మొహం పాలిపోయింది, కానీ గొంతు వణకలేదు.

“పసుపు కింద, కుంకుమ పైన. ఉంగరం వేలితోనే పెట్టాను. ఆవిడ భరిణెలోదే తీసి పెట్టాను. ఎక్కడ తప్పు చేశాను?”

“పెట్టటమే తప్పు.”

ఆమెకు అర్థం కాలేదు.

“పెద్దాయన నిన్ను చూశాడా?” అన్నాడు అంకారావు.

“వాళ్ళంతా మధ్యాహ్నం భోజనాలకి పోతారుగా. కొట్లో కూర్చుని ఆ ఐదు బోర్డులకీ బొట్లు పెడుతున్నా. షట్టరు వెయ్యటానికొచ్చి చూశాడు.” ఆమె కళ్ళు మూసుకుంది. “కోప్పడలేదు. సంబరపడ్డాడు. మా ఆవిడ నేర్పిందా అమ్మాయ్ అన్నాడు. ఉండు, దాన్ని పిలుస్తానన్నాడు. పిలవనివ్వకూడదుగా.”

జోజిబాబు రోడ్డు మీద ఉమ్మేశాడు.

“ఆయన్ని చంపకపోయి ఉంటే ఆ ఇంట్లో మైల ఉండేది కాదు,” అన్నాడు అంకారావు. “పన్నెండింటికీ గోవిందమ్మగారు బొట్టు పెట్టేవారు. నీ ఐదూ వాటిల్లో కలిసిపోయేవి. నేనే నవ్వుతూ పంపించేవాణ్ణి. నువ్వు గెలిచేదానివి.”

ఆమె ఆఫీసు జీపు వచ్చేదాకా రోడ్డు మీద చితికిన ముంజలనే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అంకారావు మళ్ళీ తిరువూరు వెళ్ళాడు. షాకు కాదు, హత్య అని చెప్పాలి. మేడం వద్దంది, అయినా చెప్పాడు. గోవిందమ్మ మొత్తం విన్నది.

“నేను నేర్పలేదు బాబూ. ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఎప్పుడు పెట్టకూడదో కూడా చెప్పేదాన్ని,” అంది.

ఈసారి అంకారావు వెళ్ళొస్తాననలేదు. బొట్టు లేని ఫోన్లలోంచి ఐదు తీసుకుని, మాట్లాడకుండా గడప దాటాడు. మెట్లు దిగుతుంటే తన తల్లి గుర్తొచ్చింది. రేపు నది కనిపిస్తే మునగాలనుకున్నాడు, ఇన్నేళ్ళ మైల ఒక్క మునకలో పోతుందో లేదో తెలియకపోయినా.

విజయవాడలో సరోజినీదేవి రిపోర్టు ఫారం ముందుకు తోసింది. ఢిల్లీవాళ్ళ ఫారం అది, గళ్ళు ఖాళీగా ఉంటే వెనక్కి కొడతారు.

డిటెక్షన్ టూల్ అన్న గడిలో అంకారావు రాశాడు: గోవిందమ్మ.

వెర్షన్: అరవై ఎనిమిది.

లైసెన్స్ అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది. తర్వాత రాసి, సంతకం పెట్టేశాడు.

ఓపెన్ సోర్స్. ఎవరు అడిగినా చెబుతుంది. ఎవరూ అడగరు.