తోడు లేని పేషెంట్

అచ్యుతరావుగారితో వేగడం కష్టం. ఇంట్లో నెయ్యి అయిపోయిందని చెప్పడానికి కూడా కోడ్ వాడతారు. సొంత పెదనాన్న కదా అని శ్రీదుర్గ పదకొండేళ్లుగా ఓర్చుకుంటోంది. పైగా ఆయనే బాస్.

"కొల్లేట్లో గూడబాతు దిగింది," అన్నారు ఫోన్లో.

"ఎప్పుడు ఎగురుతుందండీ?"

"రేపు సాయంత్రం. విను."

ఏలూరులో ఒక లేజర్ కంటి సెంటర్. అక్కడి సర్జన్‌ని విదేశీ ముఠా కొనేసింది. సైటు తీయాలంటే కార్నియా మీద సన్నటి పొర కోసి, పుస్తకంలో పేజీలా తెరిచి, అడుగున లేజర్‌తో చెక్కి, మళ్లీ మూసేస్తారు. కుట్లుండవు. రేపు ఒక కొరియర్ కంట్లో ఆ పేజీ కింద మన తీరం రాడార్ కోడ్స్ ఉన్న ఫిల్మ్ పెడతారు. ఏ ఎయిర్‌పోర్ట్ స్కానరూ పట్టలేదు.

"మనిషి ఎలా ఉంటాడు?"

"తెలీదు. అక్కడి కౌన్సెలర్ క్రిస్టినా మన ఏజెంటే. చూపిస్తుంది. నువ్వు పేషెంట్‌వి. నీ మైనస్ ఆరు సైటు ఇన్నాళ్లకి దేశానికి పనికొచ్చింది."

"నాతో ఎవరొస్తారండీ?"

"ఏజెంట్ అన్నాక ఒంటరిగానే వెళ్లాలి."

అడగడం అలవాటు కొద్దీ అడిగింది. తాడేపల్లిగూడెంలో ఆమె గదిలో ఉడికేది గ్లాసు బియ్యం. రెండో గొంతు టీవీదే.

మర్నాడు సెంటర్లో క్రిస్టినా ఎదురొచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, హైహీల్స్. "కళ్లజోడు, ఫోన్ ఇవ్వండి మేడం. థియేటర్ రూలు." కెమెరా, ట్రాన్స్‌మిటర్ ఆ ఫ్రేములోనే ఉన్నాయి. ఆపైన గుసగుసగా, "కొరియర్ ఇవాళ రావట్లేదు. వెళ్లిపోండి."

శ్రీదుర్గకి లోకం అలుక్కుపోయింది. అయినా వెళ్లలేదు, తడుముకుంటూ లోపలికి నడిచి గంటసేపు కూర్చుంది. ఆపరేషన్ అయినవాళ్లు కూర్చునే హాల్లో అన్నీ ఆకుపచ్చ గౌన్ల ముద్దలు. ఒక్కో ముద్ద చుట్టూ అమ్మ, బాబాయి, అత్త, ఫ్లాస్కు. ఏలూరులో పన్ను పీకించుకోడానికి కూడా నలుగురు వస్తారు మరి.

మూల ఒక ఆకుపచ్చ ముద్ద మాత్రం ఒంటరిగా ఉంది. అచ్చం తనలాగే.

అంటే ఈ చుట్టుపక్కలవాడు కాదు. కొరియర్ వచ్చాడు. ఫిల్మ్ ఎక్కింది. క్రిస్టినా అమ్ముడుపోయింది.

గేటు దగ్గర కారు హారన్. ఆ ముద్ద లేచింది. శ్రీదుర్గ దగ్గర పిస్టల్ లేదు, చూపు లేదు. పక్కన చేపల పులుసు వాసన వేస్తున్న క్యారేజీ వైపు తిరిగింది.

"అమ్మా, ఆ అబ్బాయికి ఎవరూ లేరండీ. కళ్లు చేయించుకుని ఒక్కడే పోతున్నాడు."

"అయ్యయ్యో." మనవరాలి కోసం వచ్చిన హన్నమ్మ అప్పటికే లేచింది. "ఏ ఊరు నాయనా? ఎవరబ్బాయివి?"

నిమిషంలో పదకొండుమంది చుట్టూ మూగారు. ఒకరు సంచీ లాక్కున్నారు. గణపవరం చెరువుల్లో వలలు లాగే నిత్యానందం చెయ్యి పట్టుకున్నాడు. "చుక్కలమందు ఎవరేస్తారు బాబూ? కూర్చో." కొరియర్ గింజుకున్నాడు, ఏదో భాషలో తిట్టాడు. పట్టు సడల్లేదు.

"వదలండి, ఆయనకి ఫ్లైటుంది," క్రిస్టినా పరిగెత్తుకొచ్చింది.

"నువ్వేమవుతావమ్మా? ఒక ముద్దయినా పెట్టావా?" హన్నమ్మ అడ్డం నిలబడింది.

క్రిస్టినా అందర్నీ తోసి అతన్ని గేటు దాకా లాగింది. కొరియర్ ఒక కాలు కార్లో పెట్టాడు. రెండోది నిత్యానందం చేతిలో ఉంది. అప్పుడు దిగింది తాడేపల్లిగూడెం నుంచి పెదనాన్న టీమ్. శ్రీదుర్గ కెమెరా ఆగిపోగానే బయల్దేరారట.

సంకెళ్లు పడ్డాక హన్నమ్మ ఇటు తిరిగింది. "మరి నీతో ఎవరొచ్చారమ్మా?"

శ్రీదుర్గ దగ్గర పదకొండు మారుపేర్లున్నాయి. తోడొచ్చినవాళ్ల పేరు ఒక్కటీ లేదు.

"నేనండీ. పెదనాన్నని," వెనక నుంచి ఒక పొడుగాటి మసక.

"ఇప్పుడా రావడం? కళ్లు కనపడని పిల్లని ఒక్కదాన్నే పంపుతారా? తప్పు కాదూ?"

మూడు ఎంక్వైరీ కమిషన్ల ముందు నోరు మెదపని మనిషి, హన్నమ్మ క్యారేజీ గిన్నె చేతిలో పెట్టగానే పైకే ఒప్పుకున్నారు.

"తప్పేనండీ."