డొల్ల టైలు

ముప్పై ఐదేళ్లు టైల్స్ మేస్త్రీగా బతికినవాణ్ణి. నాకు కళ్లకంటే చెవులే ఎక్కువ పనికొచ్చాయంటే నమ్ముతారా? పరిచిన టైలు మీద నాణెంతో కొట్టి వింటే చాలు. గట్టిగా పలికితే పని బాగున్నట్టు, డొల్లగా పలికితే కింద ఖాళీ ఉన్నట్టు.

ఆ చెవుల ధైర్యంతోనే ఎక్కడో దూర రాష్ట్రంలో ఫ్లాటు కొన్నాను, వెళ్లి చూడకుండా.

"బావా, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడకు. కుళాయి కారినా ఒకటిన్నర రోజు రైలెక్కాలి. ఎవరు చూస్తారు?" అన్నాడు బావమరిది.

"ఇక్కడి ధరలో సగానికే వస్తోంది. అద్దెతోనే బ్యాంకు కిస్తీ తీరిపోతుంది. నువ్వు కడతావా ఏంటి?" అన్నాను.

బ్రోకరు వీడియోలో ఫ్లాటంతా చూపిస్తుంటే ప్రతి టైలూ కొట్టించి విన్నాను. వెనక గదిలో ఒక్కటే డొల్ల. వేరేవాడైతే అక్కడే ఆగేవాడేమో. నేను మాత్రం దాన్ని చూపించి ధర ఇంకాస్త తగ్గించి, మీసం దువ్వుకున్నాను.

అద్దెకు దిగింది మన తెలుగమ్మాయే. దర్జీ. ఒంటరి మనిషి. ప్రతి ఒకటో తారీఖునా డబ్బు పంపి, కింద "అందిందా బాబాయ్ గారూ?" అని రాసేది. నేను బావమరిదికి చూపించి మురిసిపోయేవాణ్ణి.

ఐదో నెలలో, మిట్టమధ్యాహ్నం ఫోను చేసింది.

"బాబాయ్ గారూ, వెనక గదిలో టైలు చప్పుడు చేస్తోందండీ. తొక్కకపోయినా."

"లోపల గాలేనమ్మా. అక్కడి మేస్త్రీని పిలిస్తే గదంతా తవ్వి బిల్లు వేస్తాడు. నేను చెబుతా, నువ్వే చేసెయ్. సందులో మేకుతో చిన్న కంత చేసి, సిమెంటు పాలు పొయ్యి. ఒక చెంబు చాలు."

రైలు ఖర్చూ మిగిలింది, మేస్త్రీ కూలీ మిగిలింది అనుకున్నాను. ఆమె సిమెంటు తెచ్చి కలిపి, మళ్లీ ఫోను చేసి నేల మీద పెట్టింది. గుటగుటమని చప్పుడు వినబడింది.

"చెంబు అయిపోయిందండీ."

"ఇంకొకటి పొయ్యి."

మూడు చెంబులు... తర్వాత బకెట్టు. అదేమో రెండో అంతస్తు. టైలు కింద రెండు వేళ్ల మందం ఖాళీ కూడా ఉండదు.

"కిందింటికి కారుతోందేమో అడుగు తల్లీ."

వెళ్లొచ్చింది. "వాళ్ల పైకప్పు పొడిగా ఉందండీ." గొంతు తగ్గించింది. "బాబాయ్ గారూ... అది తాగుతోంది."

"వదిలెయ్. బయటికి వచ్చెయ్."

"కాలు... రావట్లేదండీ."

అప్పుడు విన్నాను. టక్. టక్... టక్. నాణెం చప్పుడు. కానీ పైనుంచి కాదు. కింద నుంచి ఎవరో కొట్టి చూస్తున్నారు. పైన ఉన్నది గట్టిదా, డొల్లదా అని.

"అమ్మా! అమ్మాయ్!"

అరిచాను. ఒకటిన్నర రోజు దూరంలో కూర్చుని అరవడం తప్ప ఇంకేం చేయగలను? బ్రోకరు ఫోను ఎత్తలేదు. కిందింటివాళ్ల నంబరు నా దగ్గర లేదు. లైను మాత్రం తెగలేదు... గుటగుట... ఇంకా పోస్తున్నట్టే...

తర్వాత ఏమీ లేదు.

నేను చేరేసరికి పోలీసులు తలుపు పగలగొట్టి ఉన్నారు. గడియ లోపలే వేసుందట. కుట్టుమిషను సూది కింద సగం కుట్టిన జాకెట్టు. వెనక గదిలో ఖాళీ బకెట్టు, ఆమె ఫోను, రెండు చెప్పులు. మనిషి లేదు. ఫోను వాళ్లు పట్టుకెళ్లారు.

వంగి ఆ టైలు కొట్టాను. గట్టిగా, గంటలా పలికింది. నా జన్మలో అంత బాగా కూర్చున్న టైలు చూడలేదు.

దాని పక్కది కొట్టాను. డొల్ల.

అమ్ముదామంటే కొనేవాడు లేడు. కిస్తీ ఆగదు. "నేను చెప్పానా బావా" అని కూడా అనడం లేదు బావమరిది. అదే భయంగా ఉంది.

నిన్న ఒకటో తారీఖు. అద్దె పడింది. ఆమె ఫోను ఇంకా స్టేషన్లోనే ఉంది, అడిగి కనుక్కున్నాను.

డబ్బు కింద ఎప్పటిలాగే ఒక ముక్క రాసుంది.

"ఇంకా నిండలేదు బాబాయ్ గారూ."