రెండో సీరియల్ పోర్టు

మొదటి సాక్షిని మైదుకూరు మార్కెట్ యార్డులో నరికేశారు. రెండో సాక్షి ప్రొద్దుటూరు లాడ్జిలో కాఫీ వచ్చిందనుకుని తలుపు తీసి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇద్దరినీ దాచింది ప్రభుత్వమే. వాళ్ల అడ్రసులు ఒక్కచోటే ఉన్నాయి. జమ్మలమడుగులో విత్తనాల కంపెనీ బోర్డు చాటున నడిచే సీక్రెట్ సర్వీస్ ఆఫీసు కంప్యూటర్లో.

అది 1990. ఒక విదేశీ ముఠా రెండు పార్టీల ఫ్యాక్షన్లకూ సమానంగా తుపాకులు అమ్ముతోంది, ఆ విషయంలో మాత్రం పక్షపాతం లేదు. గండికోట లోయలో ఆ పెట్టెలు దించడం చూసిన మూడో సాక్షి ఓబమ్మ, మేకలు కాసుకునే మనిషి. ఆమెను పులివెందులలో దాచారు. మధ్యాహ్నం రెండింటికి ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం.

అడ్రసు ఫైల్లో ఎక్కితే తప్ప పైవాళ్లు కాపలా మంజూరు చెయ్యరు. పొద్దున్నే ఎక్కించారు. కాపలా పదిన్నరకు గానీ చేరదు.

"ఎట్ల లీకవుతాందో కనుక్కో దస్తగిరీ," అన్నాడు చీఫ్ సంజీవయ్య. "ఈమె గూడా పోతే నాకు నిద్ర పట్టదు."

తొమ్మిదిన్నరకు ఏజెంట్ దస్తగిరి మెకానిక్ వేషంలో ఆ ఆఫీసులో దిగాడు. చేతిలో మల్టీమీటర్ పెట్టె, దాని అడుగున పిస్తోలు. కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచాడు. అప్పటికే అక్కడ ఆడవాళ్ల చెప్పులొక జత, పెద్ద కిర్రు చెప్పులొక జత ఉన్నాయి. వాకిట్లో చెప్పులు లెక్కపెట్టడం అతనికి చిన్నప్పటి అలవాటు. లెక్కపెట్టకుండా ఒక ఇంట్లోకి వెళ్లిన వాళ్ల నాన్న మళ్లీ బయటికి రాలేదు.

"శెనక్కాయ విత్తనాలొచ్చినాయా?" కోడ్ అడిగాడు.

"గోతాలు తడిచినాయన్నా," అంది సుభాషిణి. ఆరేళ్లుగా సర్వీసులో ఉన్న ఆపరేటర్. పట్టుచీర, కాటుక, ఎప్పుడూ నవ్వే ముఖం. ఇవాళ నవ్వు లేదు.

గదిలో ఆమె ఒక్కతే ఉంది. వెనక స్టోరు గదికి పరదా వేలాడుతోంది.

బయటి సామాను తగిలించే సీరియల్ పోర్టులు ఎన్నని అడిగితే ఒకటేనంది. మిషన్ కొన్న బిల్లులోనూ ఒకటే. దస్తగిరి మిషన్‌నే అడిగాడు. కరెంటు రాగానే బయాస్ అనే లోపలి ప్రోగ్రాం మిషన్ కడుపులోని సామానంతా లెక్కపెట్టి పెట్టుకుంటుంది, ఇంటరప్ట్ 11 అనే పిలుపు పిలిస్తే ఆ లెక్క చెప్పేస్తుంది. డీబగ్ అనే ప్రోగ్రాం‌లో రెండు లైన్లు కొట్టాడు. పోర్టు ఒకటే ఉంటే 423D రావాలి. 443D వచ్చింది. సీరియల్ పోర్టులు రెండు.

మూత విప్పాడు. ఫోను మీద ఫైళ్లు పంపే మోడెం కార్డు, బిల్లులో లేనిది, దాన్నుంచి ఫోను లైనుకు సన్నని వైరు. తెర మీద కొత్త ప్రోగ్రాం ఒకటి కనిపించింది. పది గంటలకు ఓబమ్మ ఫైలును బయటికి పంపడం దాని పని. గోడ గడియారంలో పదికి ఒక నిమిషం తక్కువ.

ఒక చేత్తో ఫోను వైరు పీకాడు. రెండో చెయ్యి మల్టీమీటర్ పెట్టెలో ఉంది. పరదా కదిలింది. తుపాకీతో బయటికొచ్చిన ముఠా మీసాలాయనకు దస్తగిరి పిస్తోలు ఎదురుగానే కనిపించింది.

"కింద పెట్టప్పా. నువ్వు లోపలుండావని వాకిట్లో నీ చెప్పులు చెప్పినాయి."

అతను సుభాషిణి వైపు కోపంగా చూశాడు. చెప్పులతో వస్తే దుమ్ముకు మిషన్ చెడిపోతుందని బయట విడిపించింది ఆమే.

"మా తమ్ముడు వాళ్ల చేతిలో ఉండాడన్నా," అంది సుభాషిణి, బేడీలకు చేతులు చాస్తూ. "ఇద్దర్ని నేనే సంపించినా. మూడో మనిషిని సంపించేకి మనసొప్పలేదు."

ఆ తమ్ముడు ఏమవుతాడో దస్తగిరికి తెలియదు. వెతకమని సంజీవయ్యకు వైర్‌లెస్‌లో చెప్పాడు.

రెండింటికి ఓబమ్మ ప్రాణాలతో కోర్టు మెట్లెక్కింది. హాలు వాకిట్లో చెప్పులు విడిచి, చుట్టూ చూసి, ఆగిపోయింది.

"ఏందవ్వా?" అన్నాడు దస్తగిరి.

"ఈడ ఎవురూ చెప్పులిడ్సలేదే. లోపల ఎవురెవురుండారో ఎట్ల తెలిసేది నాయనా?"

ఏ ఇంటరప్టూ దానికి జవాబు చెప్పదు. దస్తగిరి ఆమెకంటే ముందు లోపలికి నడిచాడు.