దసరా శనివారం ఎవరిది?

సిల్కు సూటు రామ్‌చందర్‌కు. కెమెరా దాచిన సిగరెట్ కేసు రామ్‌చందర్‌కు. విమలాదేవి పక్కన కుర్చీ కూడా రామ్‌చందర్‌కే.

కొండల్‌కు దక్కింది చాయ్ ట్రే.

1943 వేసవి. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం మేడ మీద రహస్య విభాగం ఆఫీసు. చీఫ్ రామలింగయ్య కింది దుకాణంలో తానులు కొలిచి, పైకొచ్చి ఏజెంట్లకు పనులు పంచుతాడు. కొండల్ ధూల్‌పేట్‌లో పాలమ్మే ఇంటివాడు. రామ్‌చందర్ ఏ కోటు తొడిగినా నప్పే మనిషి. ఆ ఒక్క కారణం చాలు, అతన్ని చూస్తే కొండల్‌కు కడుపు మండిపోయేది.

"ట్రే అడుగున పిస్టల్ ఉన్నది," అన్నాడు చీఫ్ ఓదార్పుగా.

"సూటు అడుగున గూడ పెట్టొచ్చు గద బాపు."

"లొల్లి ఆపి ఇను."

బ్రీఫింగ్ మొదలైంది. రేపు మొఘల్‌పురాలో ఒక నవాబు దేవిడీలో రేస్ క్లబ్బుల మీటింగ్. బొంబాయి, పూనా, కలకత్తా, మద్రాసు, బెంగళూరు, హైదరాబాదు కలిసి కూర్చుని దేశం మొత్తానికి రేసుల క్యాలెండర్ తేల్చాలి.

"ఎవలూర్ల వాళ్లు పెట్టుకుంటె అయిపాయె. గీ పంచాయితి ఏంది?" అన్నాడు కొండల్.

"దేశంల మంచి గుర్రాలు గవ్వే. ఒక్కూర్ల సీజన్ అయినంక రైలెక్కి ఇంకో ఊరికి పోతయి. రెండూర్లు ఒక్క శనివారమే పట్టుకుంటె ఇద్దరికీ సగం గుర్రాలే. అందుకే తారీఖులు పంచుకుంటరు. తారీఖు జరిగితె గుర్రాల స్పెషల్ రైలు గూడ జరుగుతది. మన ఫికర్ గదే."

శత్రుదేశపు ముఠా ఆ మీటింగులో ఒకరిని కొనేసింది. వాళ్లకు కావలసిన వారంలో పూనా నుంచి హైదరాబాదు వచ్చే గుర్రాల స్పెషల్ దారిలో వాడి అనే ఊరి జంక్షన్‌లో ఆగాలి. గడ్డి వ్యాగన్‌లో బాంబు. పక్క లైన్లో మిలిటరీ మందుగుండు రైలు. ఆ వారం ఏదో మిలిటరీ వాళ్లు చీఫ్‌కు కూడా చెప్పలేదు.

కొండల్ వేళాకోళం ఆగిపోయింది. ఆ స్పెషల్‌లో గుర్రాలను చూసుకునే సాయీసులు వాటి కాళ్ల దగ్గరే పడుకుంటారు. అతని అన్న బీరయ్య వాళ్లలో ఒకడు.

"ఈ కబురు తెచ్చింది విమలాదేవి," అన్నాడు చీఫ్. "ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటది. పనిజేసేది మనకు. డబుల్ ఏజెంట్. పూనా తరఫున కూసుంటది. ఒక్క తారీఖు కోసం ఎవలు గట్టిగ గుంజుతరో వాళ్లే దొంగ అని ఆమె చెప్పింది. మనిషి దొరకంగనే 'చాయ్ సల్లగైంది' అను. హుక్కాలు పట్టుకున్నోళ్లంత మనోళ్లే."

మర్నాడు హాల్లో గుంజనివాడు లేడు. కలకత్తా క్రిస్మస్ వారాన్ని ముట్టుకోనివ్వలేదు. బొంబాయికి ఎక్కువ శనివారాలు పోతున్నాయని మద్రాసు ఏడ్చింది. మద్రాసుకు ఇంకొకటి దొరికితే బెంగళూరు మొహం మాడ్చుకుంది. ఇంతమంది కుళ్లుబోతుల మధ్య కొండల్‌కు సొంతింట్లో ఉన్నంత హాయిగా ఉంది.

అయితే అటుపక్క విమలాదేవి రామ్‌చందర్ చెవిలో ఏదో చెప్పి నవ్వింది. ముత్యాల దండ సవరించుకుని మళ్లీ నవ్వింది. కొండల్ రామ్‌చందర్‌కు చక్కెర లేని చాయ్ పోశాడు.

అప్పుడు హైదరాబాదు వాళ్లు దసరా శనివారం అడిగారు. ఎన్నో ఏళ్లుగా అది పూనాది. ఏడాది మొత్తంలో జనం విరగబడి వచ్చే రోజు.

"తీసుకోండి," అంది విమలాదేవి చిరునవ్వుతో. "పూనా ఒక వారం ముందే ముగిస్తుంది. గుర్రాలు దసరాకు ముందే రైలెక్కుతాయి."

హాలంతా చప్పట్లు కొట్టింది. కొండల్ చేతిలో కెటిల్ ఆగిపోయింది. పక్కింటికి కొత్త బర్రె వచ్చిందని అతని తల్లి కొమురమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అసూయ ఎలా ఉంటుందో ఆ ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? విమలాదేవి ముఖంలో అది మచ్చుకైనా లేదు.

అతను రామ్‌చందర్ మీదికి వంగాడు. "భాయ్, దొంగ ఆమెనే."

"ఏంది?"

"దసరా శనివారం నవ్వుకుంట ఎవలన్న ఇస్తరా? జర్రంత గూడ కుళ్లుకోలే సూడు. గుంజెటోళ్లను సూడుమని చెప్పి మన కండ్లు పక్కకు తిప్పింది."

"కుళ్లు నీది. నా పక్కన కూసున్నదని. చాయ్‌ల చక్కెర గూడ ఎయ్యలే నువ్వు."

కొండల్‌కు భయం వేసింది. అది నిజమేనేమో. ఆమె తన పక్కన కూర్చుని ఉంటే ఇదే నవ్వు ముద్దుగా కనిపించేదేమో. తప్పైతే ఉద్యోగం పోతుంది. ఒప్పయ్యుండి నోరు మూసుకుంటే బీరయ్య పోతాడు.

అధ్యక్షుడైన నవాబు గంట వైపు చెయ్యి చాపాడు. గంట మోగితే తారీఖు ఖాయం. ఆ తర్వాత మార్చడం ఆనవాయితీ కాదు.

కొండల్ కెటిల్ తీసుకుని సరిగ్గా ఆ చేతికీ గంటకూ మధ్య పెట్టాడు.

"హుజూర్! దసరాకు ముందు రైల్వే వ్యాగన్లు దొరకయి. పూనా శనివారం పూనాకే ఉంచుండ్రి. హైదరాబాదు పై వారం పెట్టుకోవాలె."

చాయ్‌వాడి నోట క్యాలెండర్ మాట విని అందరూ బిత్తరపోయారు. నవాబు మాత్రం ఆలోచించి తల ఊపాడు. "అచ్ఛా, అదీ బాగనే ఉన్నది. మేడంకు నష్టం గూడ లేదు."

పోయిన సొత్తు తిరిగొస్తే ఎవరైనా దండం పెడతారు. విమలాదేవి కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"వీల్లేదు! దసరా శనివారం హైదరాబాదే తీసుకోవాలి!"

"ఎందుకు మేడం?" అన్నాడు కొండల్. "ఇచ్చేటోళ్లకు ఏ వారమైతే ఏంది?"

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. అందులో చిన్న పిస్టల్ ఉంది. అది బయటికి వచ్చేసరికి ట్రే అడుగున ఉన్నది ఆమె వైపే చూస్తోంది.

"చాయ్ సల్లగైంది," అన్నాడు కొండల్.

హుక్కాలు కింద పెట్టి నలుగురు ఆమెను పట్టుకున్నారు. గంట మోగలేదు.

సాయంత్రం పత్తర్‌గట్టి మేడ మీద చీఫ్ కొండల్‌ను కౌగిలించుకున్నాడు. సిల్కు సూటు ఇకమీదట అతనిదే అన్నాడు. రామ్‌చందర్ ముందుకొచ్చి, చెయ్యి కలిపి, ముఖమంతా నవ్వుతో ఊపాడు.

"శాబాష్ భాయ్! పేరంత నీదే. ఒట్టు, నాకు మస్తు ఖుషీగున్నది."

అతను మెట్లు దిగేదాకా కొండల్ ఆగాడు. ఆ తర్వాత తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించాడు.

"బాపు, గీయన మీద గూడ ఓ కన్నేసి పెట్టుండ్రి."