నాలుక లేని గడ్డి

డేగ మూడో మడి చివరికొచ్చి ఆగింది. దాని మెడ దగ్గర పచ్చదీపం వెలిగింది. మడిలో కలుపు లేదని దానర్థం.

గట్టు మీద నిలబడ్డ డాక్టర్ సలోమి తృప్తిగా తలూపింది. డేగ ఆవిడ ఎనిమిదేళ్ల కిందట తయారుచేసిన యంత్రం. నాలుగు పొడుగు కాళ్ల మీద వరిచేలో నడుస్తూ, కెమెరాతో ఆకుల్ని చూసి, కలుపైతే లేజర్‌తో మాడ్చేస్తుంది. కలుపుమందులు పనిచెయ్యడం మానేశాక గోదావరి కాలువల కింద రైతులంతా దీన్నే నమ్ముకున్నారు.

"దీపం అబద్ధమాడుతోందండి," అంది పక్కగట్టున గడ్డి కోసుకుంటున్న పేరంటాలు. ఒకప్పుడు పాతికమంది ఆడవాళ్లతో కలుపు తీయించిన మేస్త్రి ఆమె. డేగ వచ్చాక ఆ పని పోయింది.

చీర ఎగ్గట్టి మడిలోకి దిగి, ఓ దుబ్బు పీకి తెచ్చింది. సలోమి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది వరే కదా, పెద్దమ్మా?"

"కాదండి, ఊద గడ్డి. మడి నిండా ఇదే."

సలోమి మూడు మడులకేసీ చూసింది. ఆ మూడు మడుల్లో పెరుగుతున్నది ఉప్పునీటికి తట్టుకునే కొత్త వరి. సముద్రం పైకెక్కి చెడిపోయిన పొలాలన్నీ ఆ విత్తనం కోసమే ఎదురుచూస్తున్నాయి. ఇంకెక్కడా ఒక్క గింజ లేదు. తొమ్మిది రోజుల్లో తనిఖీ. ఊద కనబడితే విత్తనానికి పనికిరాదని కొట్టేస్తారు.

ఎలా జరిగిందో ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు. రైతుల మీటింగుల్లో వందసార్లు తనే చెప్పింది. మందు మొక్కను మార్చదు. లక్షల మొక్కల్లో ఏదో ఒకటి పుట్టుకతోనే ఆ మందుకు చావనిది ఉంటుంది. ఏటా అదే మందు కొడితే మిగతావన్నీ పోయి, దాని సంతానమే చేనంతా పరుచుకుంటుంది. ఇప్పుడు డేగకీ అదే గతి పట్టింది. ఊదలా కనబడ్డ ఊదనంతా అది మాడ్చింది. వరిలా కనబడ్డది బతికి గింజ రాల్చుకుంది. ఎనిమిదేళ్లు, పదహారు పంటలు! శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది సలోమి పని.

"మీరెలా పట్టారు?"

"కళ్లతో కాదండి, వేలితో. ఆకు కాడని అంటుకున్నచోట తడిమి చూడండి. వరికక్కడ చిన్న నాలుకుంటది, అటూ ఇటూ నూగు చెవులుంటాయి. ఊదకి నున్నగా ఉంటది. చెప్పదు, వినదు. అచ్చం మా ఆయనే."

సలోమికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు పేరంటాలు పాత ముఠాలో పదకొండుమందిని పోగుచేసింది. అందరికీ మోకాళ్ల నొప్పులే. వాళ్ల చేతులకి తొడగడానికి సలోమి పల్చటి సెన్సర్ తొడుగులు తెచ్చింది. వేళ్లకి తగిలిందల్లా అవి గుర్తుపెట్టుకుంటాయి; దాన్నిబట్టి డేగకి ఒక వేలు తయారుచేయొచ్చు.

"అంటే మా చేతులు దానికిచ్చేసి మళ్లీ మమ్మల్ని పొమ్మంటారు. అంతేనా?" అంది ముఠాలో మరియమ్మ.

"అంతే," అంది సలోమి. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు.

"మడేం చేసిందే పాపం?" అంటూ పేరంటాలే ముందు దిగింది. తిట్టుకుంటూనే మిగతావాళ్లూ దిగారు.

ఎనిమిదో రోజు సాయంత్రానికి మూడు మడులూ శుభ్రపడ్డాయి. తనిఖీకొచ్చినాయన గంటసేపు వెతికి, ఒక్క ఊద దొరక్క, సంతకం పెట్టాడు. సలోమి అక్కడే, అందరి ముందూ, పేరంటాలుని కావలించుకుని ఏడ్చేసింది.

"ఇకనుంచి ఈ ఊద దొంగకి దారి మారుస్తుండాలండి," అంది పేరంటాలు ఆవిడ వీపు నిమురుతూ. "ఓ ఏడు కన్ను, ఓ ఏడు వేలు. ఇంకో ఏడు ముందే నీరెట్టి, మొలిచిన ఊదని దమ్ము చేసేటప్పుడు బురదలో తొక్కేయడం. మధ్యలో ఓసారి మినుములు. ఏ ఒక్కదానికీ అలవాటు పడనియ్యకూడదు."

సలోమి దాన్ని మాట పొల్లుపోకుండా రాసుకుంది.

మరుసటి ఏడాది వేలున్న డేగ చేలో దిగింది. ఊదని బ్రహ్మాండంగా పట్టింది. కాకపోతే సాలు చివరికి రాగానే వేలు ముందుకు చాపి, అలాగే నిలబడిపోయింది. రీస్టార్ట్ చేశారు. మళ్లీ సాలు చివర వేలు చాపింది.

ఇంజినీర్లు తలలు పట్టుకుని రికార్డులన్నీ తిరగేస్తే తేలిందేమిటంటే, పేరంటాలు ప్రతి సాలు చివరా నడుమెత్తి, వేలి బురద చెంగుకి తుడుచుకునేది. బురద వేలికి నాలుక తెలియదు మరి. యంత్రం ఆ అలవాటు కూడా నేర్చేసుకుంది. ఆ అలవాటు తీసేస్తే వరినీ ఊదనీ కలిపి మాడ్చేస్తోంది. రబ్బరు తుడుపు బిగించి చూశారు. అది బురదని పూసిందే తప్ప వదిలించలేదు. తడి నూలుగుడ్డతో, ఒత్తి, సందుల్లోంచి తుడిస్తేనే వేలు పనిచేసింది.

ఇప్పుడు ఆ కాలువల కింద ఏ చేను చూసినా గట్టు మీద ఓ ఆడమనిషి, చేతిలో గుడ్డ. ఆడవాళ్లని మళ్లలోంచి పంపించేసిన యంత్రం, ఆడమనిషి లేనిదే సాలు మారడం లేదు. మరియమ్మ నాలుగు డేగలకి మేస్త్రి.

పేరంటాలు దగ్గరికొచ్చి డేగ ఆగింది, వేలు చాపింది. ఆమె చెంగు తడిపి ఒత్తి తుడిచింది.

"పద, పద. ఇంకా సగం మడుంది," అంది.

డేగ పక్క సాల్లోకి తిరిగింది.