మూడో అంతస్తులో సఫారీ

సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఆ పాత బిల్డింగు మూడో అంతస్తు పేరెత్తితే మనవాళ్లు మాట మార్చేసేవారట. ఇంట్లో మనిషికింతని సర్కారు లెవీ వేశాక కుటుంబాలన్నీ సర్దుకుని ఇండియాకు వెళ్లిపోయాయి. ఇక మిగిలింది కింద వాచ్‌మన్, పైన చీకటి. ఆ చీకట్లో చిన్నపిల్ల నవ్వుతుందని డ్రైవర్ దిలావర్ ఒట్టేసి చెప్పేవాడు. చెప్పినవాడు మళ్లీ ఆ మెట్లెక్కలేదు!

తబూక్ తోటల్లో పని మానేసి, బాలన్న ఆ బిల్డింగుకు మెయింటెనెన్స్ పనికొచ్చాడు. జగిత్యాల మనిషి. మాటల్లో పులే గానీ, దెయ్యం ఊసెత్తితే పిల్లి. అలాంటివాడి చెవిలో వాచ్‌మన్ ఎల్లన్న మొదటిరోజే ఊదాడు.

"ఆ మూలింట్ల తల్లీబిడ్డ ఒక్కదినమే పోయిన్రు. ఆయనొక్కడే మిగిలిండు, పాపం."

 ఎట్లా పోయారని అడక్కుండానే బాలన్న మాట మార్చేశాడు.

చలికాలం. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యేసరికే చీకటి పడింది. డాబా మీద ట్యాంకు పొర్లుతోంది... పైకెళ్లి వాల్వు కట్టెయ్యాలి. ఎల్లన్న చూస్తే ఖుబ్జు రొట్టెలు తేవడానికి వెళ్లాడు.

"కొండగట్టు అంజన్నా... నీదే భారం."

ఒకటో అంతస్తు... రెండు... మూడో అంతస్తులో అడుగు ఆగిపోయింది.

మూలింటి తలుపు సందులోంచి నీలం వెలుగు. ఆ వెనకే గుసగుస—

"చప్పుడు చెయ్యకూడదు తల్లీ... అవి నీళ్లకొస్తాయి..."

"సింహం కూడానా?"

పిల్ల గొంతు!

వెనక్కి తిరగబోయి తూలాడు. ఆసరాకని చెయ్యి ఆనిస్తే తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల సామాను లేదు. గోడ నిండా బొమ్మలు — ఏనుగు, జిరాఫీ, అడవిదున్న. వాటి ముందు నేలమీద ఒక మనిషి... కిందినుంచి వెలుగు పడి ముఖంలో కళ్ల గుంటలే కనిపిస్తున్నాయి.

దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. బాలన్న ముందు వాటినే చూశాడు. తిన్నగానే ఉన్నాయి.

"నువ్వు... మనిషివేనా అన్నా?"

"మనిషినేనండి," ఫోను గుండెకు అదుముకుని మెల్లగా అన్నాడతను. "ధర్మరాజు. నెలాఖరుదాకా ఈ ఇల్లు నాదే."

"మరి మీ బిడ్డ... పోయిందన్నరు గద?"

ధర్మరాజు ఉలిక్కిపడ్డాడు. "అంత మాటనకండి! వెళ్లింది... వాళ్లమ్మతో రాజమండ్రి వెళ్లింది. లెవీ కట్టలేక నేనే ఎగ్జిట్ వీసా మీద పంపించేశాను."

ఎల్లన్న 'పోయిన్రు' అన్నది ఇదన్నమాట! వచ్చిన నవ్వు మింగి, బాలన్న అతని పక్కనే నేలమీద కూర్చున్నాడు.

ధర్మరాజు చెప్పుకొచ్చాడు. ఆఫ్రికాలో ఒక పార్కు ఉందట. యుద్ధంలో జంతువులన్నీ నాశనమైపోతే, ఇప్పుడు పక్క దేశాలనుంచి ఏనుగుల్ని లారీల్లో తెచ్చి వదులుతున్నారట. సెలవుల్లో ముగ్గురూ చూసొద్దామనుకున్నారు. ఆ బొమ్మలు పిల్ల జాయ్సీ అంటించినవే. రోజూ వీడియో కాల్లో ఆ గోడ చూపిస్తూ సఫారీ ప్లాను చెబితేనే అది అన్నం ముడుతుంది.

"ఇక్కడివాళ్లకిన్ని ఉద్యోగాలివ్వాలన్న నితాఖత్ లెక్కలో మా కంపెనీ రెడ్‌లో పడిందండి. ఈ దేశంలో ఉండటానికిచ్చే ఇకామా ఇక రెన్యూ చెయ్యరు. నాకూ ఎగ్జిటే," అన్నాడు ధర్మరాజు. "ఇంక సఫారీ ఎక్కడిది? దానికి చెప్పడానికే నోరు రావట్లేదు."

"చెప్పెయ్యన్నా. ఎన్ని దినాలు దాస్తవ్?"

ధర్మరాజు కళ్లు తుడుచుకుని ఫోను ఎత్తాడు. "జాయ్సీ... నీకొక మాట చెప్పాలమ్మా—"

"ముందు నేనడుగుతా నాన్నా. వేరే దేశం ఏనుగుల్ని అక్కడ ఉండనిచ్చారా?"

"ఉండనిచ్చారమ్మా."

"ఇకామా అడగలేదా?"

బాలన్న గోడవైపు తిరిగిపోయాడు. ఏడుపు ఆగలేదు.

"...అడగలేదు తల్లీ."

"అయితే మనం కూడా అక్కడే ఉండిపోదాం. ముగ్గురం."



"అలాగేనమ్మా," అన్నాడు ధర్మరాజు. "ముందు ముద్ద తిను."