తువ్వాల కింద చిటికెన వేలు

చిద్రిలోని సేఫ్‌హౌస్‌లో చీఫ్ శ్రీహరి ఏజెంట్ వీరేశ్‌తో సూటిగా విషయానికొచ్చాడు. "మందు పోయింది."

మేకల నుంచి మనుషులకు పాకుతున్న కొత్త వైరస్‌కు ల్యాబ్ తయారుచేసిన మొదటి మందు, ఒకే ఒక్క సీసా. దాన్ని విదేశీ ముఠా కొట్టేసింది. వీరేశ్ కింద పనిచేసే జూనియర్ రాజేశ్ ఆ జ్వరంతోనే ఐసొలేషన్ వార్డులో చావుబతుకుల మధ్య ఉన్నాడు.

"చిట్గుప్ప మేకల సంతల సీసా చేతులు మారుతది. ముఠాల మన డబుల్ ఏజెంట్ ఉన్నరు. తువ్వాల కింద బేరమాడుతూ నీ చిటికెన వేలు రెండుసార్లు నొక్కుతరు. జల్దీ తే. ఐస్ కరిగితే మందు బేకార్."

పెట్టుడు గడ్డంతో వీరేశ్ సంతలో దిగాడు. అక్కడ ధర ఎవరూ నోటితో చెప్పరు. తువ్వాల కప్పి వేళ్ళతోనే బేరం. మేకల నోళ్ళు తెరిచి పళ్ళు చూశాడు, కనిపించిన ప్రతివాడి చేయీ పట్టుకున్నాడు. అందరూ వేళ్ళు నలిపేవాళ్ళే, ఆ నొక్కుడు మాత్రం లేదు. ఎండ మండిపోతోంది. అక్కడ రాజేశ్ ఊపిరి, ఇక్కడ ఈ దిక్కుమాలిన వేళ్ళు! వీరేశ్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"కొంటవా, ఉత్తగనే చేతులు వట్టుకుంట తిరుగుతవా?" అని వ్యాపారి నవనాథ్ విసుక్కున్నాడు.

నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అందగత్తె మాటిమాటికీ అడ్డొస్తోంది. "పక్కకు జరుగమ్మా, పనిల ఉన్న," అని వీరేశ్ కసురుకున్నాడు.

అంతలో ఒక తలపాగావాలా గట్టిగా అడిగాడు. "ఎంత?"

సంతంతా తిరిగి చూసింది. బయటివాడు కాకపోతే ఆ మాట పైకి అనడు, ముఠావాడే. వీరేశ్ పెన్ పిస్టల్ వాడి డొక్కలో ఆనించి, వాడి జీపులోని ఐస్‌బాక్సు తెరిచాడు. సీసా లేదు. పెట్టె అడుగుదాకా తడిమాడు.

నల్లకళ్ళద్దాలావిడ ఫ్లాస్కు చేతిలో పెట్టి, చిటికెన వేలు రెండుసార్లు నొక్కింది. లోపల సీసా, చివరి ఐస్ ముక్క.

"పొద్దుగాలసంది నీ ఎన్కనే తిరుగుతున్న అన్నా. ఆడమనిషిని తువ్వాల కింద చెయ్యి వెట్టనిస్తరా ఈడ? గీ కోడ్ పెట్టిన మొగోడెవడు?"

సాయంత్రం చీఫ్ ఫోన్. "రాజేశ్‌కు మందెక్కింది, బతుకుతడు. నువ్వు మేకల నోట్ల వేళ్ళు పెట్టినవ్. సీదా ఐసొలేషన్‌కు పో."

ఎన్ని దెబ్బలు తిన్నా శత్రువు ముందు ఒక్క పేరూ చెప్పని వీరేశ్, నర్సు శంకరమ్మ ముందు కూర్చుని, తాను చేయి పట్టుకున్న మగాళ్ళందరి ఆనవాళ్ళూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.